పులుసులో ఏముంది? అమ్మానాన్నలతో జపాన్‌లో పన్నెండు రోజులు

టోక్యోలో దిగిన మొదటి రాత్రే అమ్మ చేత చేప తినిపించాను. కావాలని చేసింది కాదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమ్మ చేపా మాంసమూ మానేసి ముప్పై ఏళ్లు దాటింది. నాకు తొమ్మిదేళ్లప్పుడు టైఫాయిడ్ ముదిరి పదహారు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అప్పుడు వెంకన్నకు మొక్కుకుంది. నేను లేచి తిరిగాను, తను మొక్కు నిలబెట్టుకుంది. నాన్న తింటారు, నేనూ తింటాను. మాకు వండి పెడుతుంది గానీ తను ముట్టదు. ఆపైన అది కార్తీక మాసం. మేం టోక్యో చేరింది 2024 నవంబరు 14, తెల్లవారితే పౌర్ణమి. కార్తీకంలో అమ్మ ఉల్లి, వెల్లుల్లి కూడా తినదు.

ఉయెనో స్టేషన్‌కు దగ్గర్లో మా బస. పక్క సందులో పది మంది పట్టే చిన్న హోటల్‌లో ఉదోన్ అమ్ముతున్నారు. ఉదోన్ అంటే గోధుమపిండితో చేసిన, చిటికెన వేలంత లావు పోగులు. వేడి చారులో వేసి, పైన నూనెలో వేయించిన టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) ముక్క పెట్టి ఇస్తారు. ఫోనులో అనువాదం పెట్టి "మాంసం, చేప ఉన్నాయా?" అని అడిగాను. పెద్దాయన గిన్నెలోకి చూసి లేవన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. గిన్నెలో చేప ముక్క నిజంగానే లేదు.

ప్రయాణం బడలికలో ఉన్న అమ్మకు ఆ చారు ప్రాణం లేచి వచ్చినట్టుగా అనిపించింది. "ఎంత తేటగా ఉందే! మన చారులా పులుపు లేదు, కారం లేదు, అయినా నోరు వదలడం లేదు. ఏం వేశారో అడుగు" అంది. అడిగాను. పెద్దాయన ముఖం విప్పారింది. లోపలికి వెళ్లి గోధుమరంగు చెక్కముక్క లాంటిదొకటి, ఒక చెక్కపెట్టె తెచ్చాడు. పెట్టెకు పైన బ్లేడు బిగించి ఉంది. ఆ ముక్కను దాని మీద రుద్దితే వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు రాలే పొట్టులా పలచటి పొరలు పడ్డాయి. అమ్మ వాసన చూసి, దాల్చినచెక్క లాంటి బెరడేదో అనుకుంది. ఫోను తెర మీద మాత్రం "ఎండబెట్టిన చేప" అని వచ్చింది.

అమ్మ గిన్నె పక్కకు పెట్టింది. పెద్దాయన ముందు ఏమీ అనలేదు, చేతులు జోడించి దండం పెట్టి లేచింది. రోడ్డు మీదకు వచ్చాక నేను ఏడవబోతుంటే, "తెలియక తిన్నది దేవుడు లెక్క రాసుకోడు. తెలిశాక తింటే రాసుకుంటాడు. రేపటి నుంచి సరిగ్గా అడుగు" అంది.

ఆ "సరిగ్గా అడుగు" అన్న మాటే మిగతా పదకొండు రోజులు నన్ను నడిపించింది.

టోక్యోలోని నిషి కసాయి ప్రాంతంలో మనవాళ్లు చాలామంది ఉంటారు. ఎక్కువమంది కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చినవారే. మా పక్కింటివారి అబ్బాయి అక్కడే ఉన్నాడు. ఆ రాత్రి ఫోన్ చేస్తే నవ్వలేదు. "అక్కా, మీరు అడిగిన ప్రశ్నే తప్పు" అన్నాడు. జపనీయుల వంటకు పునాది దాషి అనే పులుసునీళ్లు. మనం చింతపండు రసం తీసుకున్నట్టు వాళ్లు వంటకు ముందే దాషి తీసుకుంటారు. ఎక్కువ భాగం కత్సువొబుషితో, అంటే ఉడికించి, పొగబెట్టి, రాయిలా ఎండబెట్టిన చేపతో తీస్తారు. చారులోనూ, కూరలోనూ, వేయించిన వంకాయ మీద పోసే రసంలోనూ, గుడ్డు అట్టులోనూ అదే ఉంటుంది. వాళ్ల దృష్టిలో అది చేప కాదు, రుచి. కాబట్టి "చేప ఉందా" అంటే లేదనే చెబుతారు. "దాషి దేనితో తీశారు?" అని అడగాలి. కొంబు అనే సముద్రపు నాచుతోనో, ఎండిన షితాకే పుట్టగొడుగులతోనో తీసిన దాషి అయితే అమ్మ తినవచ్చు.

అతను జపనీస్ లిపిలో మూడు వాక్యాలు రాసి పంపాడు. పలకడం ఇలా: "నికు తో సకానా వ తబెరరెమసెన్. కత్సువో దాషి మొ తబెరరెమసెన్. కొంబు దాషి వ దైజోబు దెసు." మాంసం, చేప తినలేను; చేప దాషి కూడా తినలేను; నాచు దాషి ఫరవాలేదు. బసలో అచ్చు వేయించుకుని మూడు కార్డులు చేశాను. దాన్ని చూపిస్తే కొన్నిచోట్ల కుదరదని తల వంచి క్షమాపణ చెప్పి పంపించారు. కుదురుతుందన్న చోట వంటవాడే బయటికి వచ్చి, ఏ గిన్నె తినవచ్చో, ఏది తినకూడదో వేలితో చూపించాడు. వద్దన్నవాళ్ల మీద కూడా నాకు గౌరవమే కలిగింది. సరిగ్గా అడిగిన ప్రశ్నకు ఎవరూ దాటవేసే జవాబు ఇవ్వలేదు.

పొద్దుటి తిండికి అమ్మే దారి కనిపెట్టింది. సూపర్ మార్కెట్‌లో వండి మూసిన అన్నం డబ్బాలు దొరుకుతాయి, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే చాలు. చక్కెర లేని పెరుగు డబ్బాలు ఉంటాయి. ఇంటి నుంచి తెచ్చిన మాగాయ ఉండనే ఉంది. వాళ్ల బియ్యం కాస్త జిగురుగా ఉంటుంది కాబట్టి పెరుగన్నం మన దద్దోజనంలా ముద్దగా కలిసేది. మిగతా రోజులన్నీ మా పొద్దులు దానితోనే మొదలయ్యాయి.

పౌర్ణమి నాడు అసకుసా వెళ్లాం. సెన్సోజీ గుడి ముందు ఎర్రటి పెద్ద లాంతరు, దాని వెనక నకమిసె అంగళ్ల వీధి, ఇవి అందరూ చూసేవే. 628లో సుమిదా నదిలో ఇద్దరు జాలరులకు కన్నన్ అనే బోధిసత్వుడి విగ్రహం వలలో పడిందని స్థలపురాణం. ఇప్పుడున్న ప్రధాన మందిరం 1945 బాంబుదాడిలో కాలిపోయాక 1958లో మళ్లీ కట్టింది. జనం కిక్కిరిసి ఉన్నారు. ధూపపాత్ర దగ్గర పొగను చేతులతో తల మీదకు తోసుకుంటున్నారు. అమ్మ హారతి అద్దుకున్నట్టు కళ్లకు అద్దుకుంది. అక్కడ ఎక్కువసేపు ఆగలేదు.

నేను చూపించాలనుకున్నది అక్కడి నుంచి పది నిమిషాల నడక దూరంలో ఉన్న మత్సుచియామా షోదెన్. అది వినాయకుడి గుడి. జపాన్‌లో ఆయన పేరు కంగితెన్. చిన్న గుట్ట మీద ఉంటుంది. పైకి వెళ్లడానికి పెద్దవాళ్ల కోసం ఒక పట్టా మీద నడిచే చిన్న బండి పెట్టారు. నాన్న కాజీపేట షెడ్డులో ఆవిరి ఇంజను మీద ఫైర్‌మన్‌గా చేరి, కరెంటు ఇంజను డ్రైవరుగా రిటైరయ్యారు. డెబ్బై మూడేళ్ల మనిషి ఆ బుల్లి బండిని ముందూ వెనకా పరీక్షగా చూసి మరీ ఎక్కారు.

పైన గడపలోనే ముల్లంగులు. గరికా ఉండ్రాళ్లూ కాదు, తెల్లటి లావుపాటి ముల్లంగులు. భక్తులు అక్కడే కొని స్వామి ముందు వరుసగా పెడుతున్నారు. అమ్మ తెల్లబోయింది. మన దగ్గర కూడా పాత వినాయక విగ్రహాల్లో చేతిలో ముల్లంగి దుంప కనిపిస్తుందని చెప్పాను. "అయితే మనం మరిచిపోయింది వీళ్లు గుర్తుపెట్టుకున్నారు" అంది. విగ్రహం మాత్రం కనపడదు. కంగితెన్ మూర్తిని తెర వెనక రహస్యంగా ఉంచుతారు. ఎవరికీ చూపించరు. ఏనుగు ముఖం చూస్తాననుకున్న అమ్మ కాసేపు నిరాశపడి, తర్వాత ఒక ముల్లంగి కొని పెట్టి, కళ్లు మూసుకుని మనసులోనే శ్లోకం చదువుకుంది. ఇంట్లో వెలిగించాల్సిన మూడువందల అరవై అయిదు వత్తుల దీపం ఆ రోజు వెలిగించలేకపోయాననే దిగులు ఉన్నట్టుంది. కిందికి దిగేటప్పుడు అది ముఖంలో లేదు.

మర్నాడు కప్పాబషి. ఉయెనోకూ అసకుసాకూ మధ్య ఉన్న ఈ వీధిలో హోటళ్లకు కావలసిన వంటసామాను అమ్ముతారు. గిన్నెలు, గరిటెలు, చెక్కపెట్టెలు, గుమ్మాలకు వేలాడే గుడ్డలు, అద్దాల బీరువాల్లో పెట్టే ప్లాస్టిక్ తిండి నమూనాలు. జపాన్‌లో కొనదగ్గ వస్తువులంటే ఎలక్ట్రానిక్ సామాను, బొమ్మలు, ముఖానికి రాసుకునే క్రీములు అని చెబుతారు. నన్నడిగితే ముందు ఈ వీధికి వెళ్లమంటాను. వంట చేసే చేతికి ఇంతకన్నా మంచి చోటు నేను చూడలేదు.

అమ్మ మొదట ఆగింది సురిబచి దగ్గర. లోపలంతా సన్నటి గాట్లున్న మట్టిపాత్ర, నూరడానికి చెక్క రోకలిబండ. "ఇది పచ్చడి రోలు!" అని వేళ్లతో గాట్లు తడిమింది. బరువని కొనలేదు. ఆ తర్వాత కత్తుల దుకాణం. గోడ నిండా కత్తులు, ఒక్కొక్క పనికి ఒక్కొక్కటి. చేప కోసేది వేరు, కూరగాయలకు వేరు. కూరగాయల కత్తిని నకిరి అంటారు. మొన వంకర లేకుండా నలుచదరంగా, పలచగా ఉంటుంది.

దుకాణంలో ఉన్న నడివయసు మనిషి ఏ కత్తి కావాలని అడగలేదు. "మీరు ఇప్పుడు దేనితో కోస్తారు?" అని అడిగాడు. కత్తిపీట అంటే ఏమిటో ఫోను చెప్పలేకపోయింది. అమ్మ అక్కడే నేల మీద కూర్చుని, పీటను కాలితో తొక్కిపట్టినట్టు చూపించి, రెండు చేతుల్లో వంకాయను పట్టుకుని బ్లేడు మీదకు నెట్టినట్టు అభినయించింది. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. కత్తి కదలదు, కూరగాయే కదులుతుంది అన్న సంగతి అర్థమై, పక్కనున్న కుర్రవాణ్ణి పిలిచి చూపించాడు. తర్వాత అమ్మకు ఒక నకిరి ఇచ్చి, క్యారెట్ ముందు పెట్టి, ముందుకు నెట్టకుండా నేరుగా కిందికి దించమని తన చేయి అమ్మ చేతికి పక్కగా పెట్టి చూపించాడు. నాలుగో ముక్కకు అమ్మకు చేయి తిరిగింది. కర్బనపు ఉక్కు కత్తి పదును బాగా పడుతుందట, కానీ కోసిన వెంటనే తుడవకపోతే తుప్పు పడుతుంది. చింతపండు, నిమ్మకాయ వాడే ఇల్లు అని చెబితే స్టెయిన్‌లెస్ తీసుకోమన్నాడు. ఎక్కువ ఖరీదైనది పక్కన పెట్టి తక్కువది ఇచ్చాడు. పదమూడు వేల యెన్లు. అప్పట్లో యెన్ మనకు 55 పైసల దగ్గర ఉండేది, అంటే ఏడువేల రూపాయల పైచిలుకు. ఉలి, సుత్తి తీసుకుని బ్లేడు మీద అమ్మ పేరు చెక్కిచ్చాడు. అమ్మ పేరులోని "ల" వాళ్ల భాషలో లేదు, "ర" అయింది. అమ్మకు అదీ నచ్చింది.

కత్తిని విమానంలో చేతిసంచిలో తీసుకురానివ్వరు, సామాన్లలో వేసేయాలి. పాస్‌పోర్టు చూపిస్తే ఒకే దుకాణంలో ఒకే రోజు 5 వేల యెన్లు, ఆపైన కొన్న సరుకుకు 10 శాతం పన్ను అప్పటికప్పుడే మినహాయించారు. 2026 నవంబరు 1 నుంచి ఈ పద్ధతి మార్చాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. ముందు పన్నుతో సహా కట్టి, దేశం విడిచే ముందు విమానాశ్రయంలో సరుకు నిర్ధారించుకున్నాక తిరిగి తీసుకోవాలి. బిల్లులు జాగ్రత్త పెట్టుకోండి.

నాన్నకు గుళ్లూ దుకాణాలూ పెద్దగా పట్టలేదు. ఆయన టోక్యో చూసింది రైలు మొదటి పెట్టెలోంచి. యామనోతె లైను ఊరి చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది, 30 స్టేషన్లు. డ్రైవరు గది వెనక గాజు పలక ఉంటుంది. దాని వెనక నిలబడి ఒక పూర్తి చుట్టు, ఇంచుమించు గంటసేపు, కదలకుండా చూశారు. తెల్ల చేతితొడుగులు వేసుకున్న డ్రైవరు ప్రతి సిగ్నల్‌ను వేలితో చూపిస్తూ పైకి ఏదో అంటున్నాడు. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. నాన్నకు కాదు. "మేమూ ఇంతే చేసేవాళ్లం. సిగ్నల్ కనపడగానే చేయి చాపి నేనొకసారి, అసిస్టెంటొకసారి పైకి చెప్పుకునేవాళ్లం. కన్ను చూసింది నోరు చెబితే మనసు ఏమరదు. ఇతను ఒక్కడే ఉన్నా వదలడం లేదు చూడమ్మా" అన్నారు. డ్రైవరు ముందున్న బల్లలో గుండ్రటి గుంట, అందులో జేబు గడియారం. నాన్న చూపు దాని మీదే నిలిచింది. అది నేను మనసులో పెట్టుకున్నాను.

టోక్యోలోనే షింజుకులో నకమురయ అనే పాత బేకరీ ఉంది. బ్రిటిష్‌వాళ్లు వెతుకుతుంటే 1915లో జపాన్ పారిపోయి వచ్చిన స్వాతంత్ర్య సమరయోధుడు రాస్ బిహారీ బోస్‌కు ఆశ్రయం ఇచ్చిన ఇల్లు అది. ఆయన ఆ ఇంటి అమ్మాయినే పెళ్లాడారు. 1927లో అక్కడ మొదలుపెట్టిన "భారతీయ కూర" ఇప్పటికీ వడ్డిస్తారు. నాన్నా నేనూ కోడికూర తిన్నాం. కారం తక్కువ, కానీ మసాలా మనదే. స్వాతంత్ర్యం కోసం ఇల్లు విడిచిన మనిషి పరాయి ఊళ్లో తన వంటను నిలబెట్టాడన్న ఆలోచనతో నాన్న తినడం ఆపి కాసేపు మౌనంగా ఉన్నారు.

పద్దెనిమిదో తేదీన షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో క్యోటోకు. పెద్ద పెట్టెలు రెండూ ముందు రోజే బస వాళ్లకు అప్పగిస్తే క్యోటో బసకు చేరవేశారు, ఒక్కొక్కదానికి రెండు వేల యెన్ల పైన అయింది. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఈ ఖర్చుకు వెనకాడవద్దు. జపాన్ స్టేషన్లలో నడక చాలా ఎక్కువ. టోక్యో స్టేషన్‌లో రైలు వచ్చి ఆగగానే గులాబీరంగు దుస్తుల్లో శుభ్రం చేసేవాళ్లు వరుసగా నిలబడి వంగి నమస్కరించి లోపలికి వెళ్లారు. చెత్త తీసి, సీట్లు తిప్పి, బల్లలు తుడిచి కొద్ది నిమిషాల్లోనే బయటికి వచ్చి మళ్లీ నమస్కరించారు. నాన్న కూడా వాళ్లకు నమస్కారం పెట్టారు. ఆ రైలు గంటకు 285 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. 1964 అక్టోబరు 1న మొదలైన మార్గం ఇది. అప్పుడు నాన్న బడిలో చదువుకుంటున్నారు, పత్రికలో ఆ బొమ్మ చూసిన సంగతి దారి పొడవునా చెప్పారు. కుడివైపు కిటికీలో ఫుజి కొండ కనిపించింది. ఆ ఏడాది దాని మీద మొదటి మంచు నవంబరు 7న గాని కనపడలేదు. 1894 నుంచి ఉన్న లెక్కల్లో అంత ఆలస్యం ఎప్పుడూ జరగలేదు. మేం చూసినప్పుడు శిఖరం మీద పలచగా, సున్నం వేసినట్టుగా ఉంది.

క్యోటోలో నేను రాసుకున్న జాబితాలో పద్నాలుగు చోట్లు ఉన్నాయి. నాన్న మోకాలు, బస్సుల్లో రద్దీ చూశాక ఎనిమిది కొట్టేశాను. బంగారు మందిరం కూడా అందులోనే పోయింది. ఫుషిమి ఇనారి గుడికి పొద్దున్నే ఆరున్నరకు వెళ్లాం. ఎర్రటి ద్వారాల కింద ఆ వేళ మేమూ మరో పదిమందీ ఉన్నాం. తొమ్మిదింటికి దిగివస్తుంటే ఎదురుగా జనం వరదలా వస్తున్నారు. క్యోటోకు దగ్గర్లోని నారా ఊరికి ఒక పూట. అక్కడి మహాబుద్ధుడికి 752లో కళ్లు తెరిపించే క్రతువు చేసింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. ఆ మాట చెబితే అమ్మ మళ్లీ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

తోజీ గుడిలో మాత్రం సగం రోజు గడిపాం. ప్రతి నెలా 21న అక్కడ సంత జరుగుతుంది. షింగొన్ అనే బౌద్ధ శాఖను స్థాపించిన కూకై పరమపదించిన తిథి అది. పాత కిమోనోలు, ఇనుప కెటిల్‌లు, ఎండిన పుట్టగొడుగులు, పిల్లల చెప్పులు, అన్నీ మన జాతరలోలా నేల మీద పరిచి ఉన్నాయి. అమ్మ ఎండు షితాకే అరకిలో కొంది. లోపలి ఉపన్యాస మందిరంలో 21 విగ్రహాలు ఉన్నాయి, ఎక్కువ భాగం తొమ్మిదో శతాబ్దివి. ఫొటోలు తీయనివ్వరు. చీకట్లోంచి ఏనుగు మీద కూర్చున్న మూర్తి ఒకటి కనపడగానే అమ్మ నా చేయి పట్టుకుంది. "ఇంద్రుడు!" నేను బోర్డు చదవక ముందే చెప్పేసింది. వాళ్లు తైషకుతెన్ అంటారు. మరో పక్క నాలుగు హంసల మీద నాలుగు ముఖాలతో బొంతెన్, మన బ్రహ్మ. మన ఊళ్లల్లో గుడి కూడా దొరకని ఈ ఇద్దరూ వెయ్యేళ్ల పైబడి అక్కడ కూర్చుని ఉన్నారు. అమ్మ ఇద్దరి ముందూ నిలబడి గోత్రనామాలు చెప్పుకుంది.

ఇక భోజనం సంగతి. క్యోటోలోని అరషియామాలో తెన్ర్యూజీ అనే జెన్ బౌద్ధ మఠం ఉంది, 1339లో స్థాపించినది. దాని తోటలోనే షిగెత్సు అనే భోజనశాలలో షోజిన్ ర్యోరి, అంటే భిక్షువుల వంట, వడ్డిస్తారు. ముందుగా చెప్పి ఉంచాను. తోట ప్రవేశ రుసుము వేరే కట్టాలి. కార్డు తీసి చూపించబోతే వడ్డించే ఆవిడ చదివి, చిరునవ్వుతో తిరిగి ఇచ్చేసింది. అక్కడ దాషి కొంబు, షితాకేలతోనే తీస్తారు. చేప, మాంసం, గుడ్డు లేవు సరే, ఉల్లి వెల్లుల్లి జాతి ఘాటు దుంపలు కూడా నిషిద్ధం. ఫోను అనువాదంలో ఆ వాక్యం చదివి వినిపించగానే అమ్మ లేచి సర్దుకుని కూర్చుంది. "అంటే కార్తీక మాసం వంట!"

చాప మీద ఎర్రటి లక్క పళ్లేలు పెట్టారు. నాన్న గోడకు ఆనుకున్నారు. గోమా దోఫు పేరుకు టోఫు గానీ అందులో సోయా లేదు. నువ్వుల పాలు, కుజు అనే దుంప పిండి కలిపి కాచి గడ్డ కట్టించినది. నాలుక మీద పెడితే జున్నులా కరిగి, వెనక నువ్వుల కమ్మదనం మిగిలింది. ఉడికించిన గుమ్మడి, తామరతూడు, ఒక్క వేయించిన మిరపకాయ. మీగడలా తీసిన సోయా పాల పొర, దాన్ని యుబా అంటారు. పులియబెట్టిన సోయా ముద్దతో చేసే మీసో చారు. అన్నం, మూడు రకాల ఊరగాయ. ఉప్పు తప్ప ఏదీ ముందుకు వచ్చి మాట్లాడదు, కానీ ప్రతి ముక్కకూ దాని రుచి దానికి ఉంది. అమ్మ చారు గిన్నె రెండు చేతులతో ఎత్తి, చివరి చుక్క దాకా తాగింది. మొదటి రాత్రి పక్కకు పెట్టిన గిన్నె నా కళ్ల ముందు మెదిలింది. నేను జపాన్‌లో తిన్న వాటిలో అదే గొప్ప భోజనం. చేపా మాంసమూ తినేదాన్నయినా ఈ మాట అంటున్నాను.

ఆ సాయంత్రం నిషికి బజారుకు వెళ్లాం. నాలుగు వందల మీటర్ల ఇరుకు వీధి, రెండు పక్కలా అంగళ్లు. ఒక ఊరగాయల కొట్లో పీపా నిండా తవుడు, అందులో గుచ్చిన దోసకాయలు, వంకాయలు. నుకజుకె అంటారు. మనం పశువులకు పెట్టే తవుడులో కూరగాయలు ఊరడం చూసి అమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది. ఉమెబొషి మాత్రం వెంటనే గుర్తుపట్టింది. ఆప్రికాట్ జాతికి చెందిన పుల్లటి ఉమె కాయల్ని ఉప్పులో ఊరవేసి, ఎండాకాలంలో మూడు రోజులు ఎండబెడతారు. "మాగాయే కదా, కారం వేయలేదంతే." అప్పటి నుంచి ఉమెబొషి పెట్టిన అన్నం ముద్ద, ఒనిగిరి, మా దారిబత్తెం. ఇందులోనూ ఒక మెలిక ఉంది. కొన్ని ఉమెబొషిలను చేప పొట్టుతో కలిపి ఊరవేస్తారు, వాటి పేరు కత్సువో ఉమె. చీటీని ఫోనుతో చదవకుండా కొనకూడదు.

మర్నాడు నాన్న కోసం క్యోటో రైల్వే మ్యూజియం. వెనక భాగంలో ఉమెకోజి ఇంజను షెడ్డు ఉంది, 1914లో కట్టినది. మధ్యలో గుండ్రంగా తిరిగే వంతెన, దాని చుట్టూ విసనకర్ర పుల్లల్లా 20 పట్టాలు, వాటి మీద నల్లటి ఆవిరి ఇంజన్లు. గేటు దాటగానే బొగ్గు పొగ వాసన తగిలింది. నాన్న ఆగిపోయారు. ఒక ఇంజను కూత వేసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఏ ఇంజను దగ్గరికి వెళ్లినా ముందు చూసింది కొలిమి తలుపునే. జపాన్ పాత పట్టాల మధ్య వెడల్పు 1067 మిల్లీమీటర్లు, మనది 1676. "సన్నటి ఇంజను, కానీ పని ఒక్కటే" అన్నారు. కొలిమిలో మూలలకు ముందు బొగ్గు వేయాలని, పార తిప్పేది మణికట్టుతోనేనని, ఎండాకాలం రామగుండం దాటేసరికి చొక్కా ఉప్పు కట్టేదని చెబుతుంటే, అక్కడ ఇంజను తుడుస్తున్న పెద్దాయన పని ఆపి వింటున్నాడు. ఒక్క ముక్క అర్థమయ్యే వీలు లేదు. నాన్న చేతి కదలిక చూసి తలూపాడు. పార పట్టినట్టు తనూ చేతులు పెట్టి చూపించాడు. సందర్శకుల కోసం పొగబండిని కిలోమీటరు మేర ముందుకూ వెనక్కూ నడుపుతారు. నాన్న మూడుసార్లు ఎక్కారు.

ఒసాకా గురించి చెప్పడానికి తక్కువే ఉంది. దొతొన్‌బొరి వెలుగులు, కాలువ, గ్లికో అనే మిఠాయి కంపెనీ వాళ్ల పరుగు వీరుడి బోర్డు. నాన్నకు తకొయాకి, అంటే లోపల ఆక్టోపస్ ముక్క పెట్టి కాల్చిన పిండి ఉండలు, నచ్చింది, లోపల వేడి చూసుకోకుండా కొరికితే నాలుక కాలుతుంది. అమ్మకు అక్కడ ఏమీ దొరకలేదు, అట్ల పిండిలో కూడా దాషి కలుపుతారు. సూపర్ మార్కెట్ గుమ్మంలో వేడి రాళ్ల మీద కాలుస్తున్న చిలగడదుంపలు ఉన్నాయి. తేనెపాకం ఊరేటంత తియ్యగా ఉన్నాయి. రెండు రాత్రులూ అమ్మ వాటితోనే సరిపెట్టుకుంది, సంతోషంగానే.

ఒసాకాలోనే ఉమెదాలో ఒక పెద్ద దుకాణంలో నేను ఆ గడియారం అడిగాను. రైల్వే జేబు గడియారాలు సెయికో చేస్తుంది. 1929లో వాటిని అక్కడి రైల్వే అధికారిక గడియారంగా గుర్తించారు. తెల్లటి ముఖం, పెద్ద నల్ల అంకెలు, సెకన్ల ముల్లు. ముప్పై వేల యెన్లు దాటింది. నాన్న ధర చీటీ చూసి వద్దన్నారు. "ఏమండీ, పిల్ల ఇస్తున్నప్పుడు పుచ్చుకోవాలి" అని అమ్మ తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆ తర్వాత బస చేరేదాకా ప్రతి స్టేషన్‌లో రైలు వచ్చిన వేళా, కదిలిన వేళా ఆయన నాకు పైకి చదివి వినిపించారు, వేలితో చూపిస్తూ.

నకిరి ఇప్పుడు మా వంటింట్లో కత్తిపీట పక్కన ఉంది. బెండకాయలకు కత్తిపీట, ముల్లంగికీ దోసకాయకూ నకిరి. తోజీ సంతలో కొన్న షితాకేలు నానబెట్టిన నీళ్లతో అమ్మ నెలకోసారి చారు పెడుతుంది, మిరియాలు కలిపి.

ఈ సంక్రాంతికి మా పిన్నీ బాబాయీ టోక్యో వెళ్తామని చెప్పారు. పిన్ని కూడా శాకాహారి. మిగిలిన ఒక్క కార్డు ఆవిడకు ఇచ్చాను. ఇచ్చే ముందు అమ్మ అడిగి తీసుకుని, వెనకవైపు పెన్నుతో రాసింది: "చక్కెర లేని పెరుగు కొను. అన్నం డబ్బా రెండు నిమిషాలు. కత్సువో ఉమె వద్దు. వినాయకుడికి ముల్లంగి మరిచిపోకు."